పియానో చక్రం కింద నిమ్మకాయ

చేవెళ్ల బస్టాండులో దిగి, పియానోలు శ్రుతి చేసే మాణిక్యం ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. పెట్టెల మాణిక్యం అని అడగండి, చెయ్యి పట్టుకుని తెచ్చి మా గుమ్మంలో దింపుతారు. పెద్ద పెద్ద పెట్టెలు విప్పి లోపల తీగలు బిగించేవాడినని మావాళ్ళకు తెలుసు, అంతే. అందులో తప్పేమీ లేదు. నా పని గురించి నేను చెప్పుకోవాలన్నా దాదాపు అదే చెప్తాను.

మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు విల్లాలూ ఫామ్‌హౌసులూ లేచాక పియానోలు కూడా పెరిగాయి. ఈ పని నేర్చుకుంటామని ఈమధ్య కొందరు పిల్లలు ఫోన్ చేస్తున్నారు. చెవి ఎంత బాగుండాలి సార్ అన్నది వాళ్ళ మొదటి ప్రశ్న. చెవి గురించి బెంగ వద్దు. శ్రుతి చూపించే యాప్ ఇప్పుడు ఫోన్‌లోనే ఉంది, మిగతాది సాధనతో వస్తుంది. నేను వాళ్ళను అడిగేది వేరు. నీకు భయం ఉందా? లేకపోతే ఇంకో పని చూసుకో. ఇక్కడ రాస్తున్నదంతా ఆ భయం గురించే.

ముందు కింద చూడాలి

సికింద్రాబాద్‌లో ఒక సందులో డేనియల్ సార్ దుకాణం ఉండేది. నాకు పని నేర్పింది ఆయనే. మంచి యజమాని అని మాత్రం చెప్పలేను. మెచ్చుకోలు ఎరగడు, కోపం వస్తే కొనడానికి వచ్చినవాళ్ళను కూడా కడిగేసేవాడు. కానీ ఆయన నేర్పిన ఒక్క అలవాటు లేకపోతే ఈరోజు ఇవన్నీ రాసేవాణ్ణి కాదు.

మొదటిరోజు తీగలు చూపిస్తాడని ఆశపడి వెళ్ళాను. ఆయన ఒక పెద్ద పియానో చూపించి, దాని కింద వెల్లకిలా పడుకోమన్నాడు.

"ఏం కనిపిస్తున్నది?" అని అడిగాడు.

"చెక్క సార్. దుమ్ము."

"మళ్ళ చూడు. పైన చూసేటందుకు మస్తు మంది ఉంటరు. కింద చూసేటోడు ఒక్కడన్న ఉండాలె. మూడు కాళ్ళు చూడు, కాలు పియానోకు కలిసే కాడ చూడు. ఆడ వెంట్రుకంత సందున్నా నాకు జెప్పు."

పెద్ద పియానో అంటే ఒక దున్నపోతు బరువు. అంత బరువూ మూడు కాళ్ళ మీద నిలబడుతుంది. కాళ్ళు మాత్రం రవాణాకు వీలుగా ఊడదీసేలా చేస్తారు. పైన ఒక ఇనుప బిళ్ళ, దాన్ని పట్టుకుని కొన్ని మరలు, అంతే. వాయించేవాళ్ళ మోకాళ్ళు సరిగ్గా ఆ బరువు కింద ఉంటాయి. ఈ సంగతి వాయించేవాళ్ళకూ తెలియదు, వినేవాళ్ళకూ తెలియదు.

డేనియల్ సార్ కొంచెం కుంటుతూ నడిచేవాడు. ఎందుకని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు. దుకాణం మూసేసే ముందు ఆయనే చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఒక క్లబ్బులో పియానోను తిప్పుతుంటే కాలు ఊడి, ఒక మూల ఆయన పాదం మీదికి వచ్చిందట. నొప్పి గుర్తులేదట. చప్పుడూ గుర్తులేదట. తన బూటు ఏ ఆకారానికి వచ్చిందో అది మాత్రం కలలోకి వస్తుందని చెప్పాడు. చెప్పి, చాయ్ తెమ్మని నన్ను బయటికి పంపాడు. ఆ రోజు నుంచి నేను ఏ పియానో దగ్గరికి వెళ్ళినా మూత ముట్టుకునే ముందు నేల మీద పడుకుంటాను. ఇంటివాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

తట్టి తెరవండి

రెండో అలవాటు ఎంకపల్లి దగ్గర ఒక ఫామ్‌హౌసులో వచ్చింది. ఎవరూ ఉండని ఇల్లు, గోడకు ఆనించిన నిలువు పియానో. వాయించే మెట్లు నొక్కితే కొన్ని తిరిగి లేవడం లేదన్నారు. అది ఎలుకల పని అని అర్థమైంది, ఎందుకంటే లోపలి ఉన్ని గుడ్డ వాటికి మెత్తటి పరుపు. నాకు తట్టనిది ఏమిటంటే, ఎలుకలు ఉన్నచోటికి ఇంకొకటి కూడా వస్తుంది. కింది పలక తీసి చెయ్యి లోపలికి పెట్టబోయాను. తీగల వెనక ఏదో నెమ్మదిగా జరిగింది. ఒక మందపాటి తీగ తనంతట తాను మోగింది.

నేను ఎలా బయటపడ్డానో తెలియదు. తోటమాలి కర్ర పట్టుకుని వచ్చేసరికి వరండాలో, చెప్పులు లేకుండా, గుంజను పట్టుకుని నిలబడి ఉన్నాను. పాము దాని దారిన అది తోటలోకి వెళ్ళిపోయింది. తోటమాలి నన్ను పైనుంచి కిందికి చూసి, "గంత పెద్ద పెట్టె విప్పేటోనివి, గింత పురుగుకు ఉరుకుతవా సారూ?" అన్నాడు. ఉరుకుతాను. మీరూ ఉరకండి. ఉరికే ముందు, పలక విప్పేటప్పుడే గట్టిగా నాలుగు దెబ్బలు తట్టండి.

కనకమామిడిలో పూజ

ఇక అసలు సంగతి. నేను కచేరీ పనులకు స్వస్తి చెప్పే ముందు చూసిన చివరి కచేరీ ఇది.

ప్రభాకర్ సేటుకు చేవెళ్లలో సిమెంటు, సలాకల దుకాణం ఉంది. కనకమామిడిలో ఫామ్‌హౌసు కట్టి, అద్దంలాంటి గ్రానైట్ పరిచి పెద్ద హాలు వేయించాడు. మనవరాలు నేర్చుకుంటుందని ఒక పెద్ద పియానో కొన్నాడు. హాలు ప్రారంభానికి పొద్దున వ్రతం, సాయంత్రం కచేరీ. వాయించేది సాహితి. విదేశంలో జరిగిన ఒక పోటీలో బహుమతి గెలిచి వచ్చిన అమ్మాయి, ఇరవై ఏళ్ళు కూడా నిండి ఉండవు. తల్లిదండ్రులు కోస్తా నుంచి వచ్చి, ఐటీ ఉద్యోగాలు చేసుకుంటూ నగరంలో స్థిరపడినవాళ్ళు. త్వరలో ఇంకో పెద్ద పోటీ ఉంది. ఇంట్లో ఉన్నది కరెంటుతో నడిచే కీబోర్డు. నిజమైన పెద్ద పియానో మీద, మనుషుల ముందు వాయించే అవకాశం ఆ అమ్మాయికి పోటీలోపు ఇదొక్కటే.

పొద్దున వ్రతం జరుగుతుండగానే నా పని ముగించాను. అలవాటు ప్రకారం కింద పడుకుని చూశాను. మూడు కాళ్ళూ గట్టిగా ఉన్నాయి. సాహితి వచ్చి కాసేపు వాయించి, ఎడమవైపు ఒక మెట్టు ఆలస్యంగా లేస్తోందని చెప్పింది. నిజమే, అది నేను పట్టుకోలేకపోయాను. దాన్ని సరిచేసి సేటును పిలిచాను.

"సేటూ, దీన్ని గోడ పక్కనే ఉండనియ్యి. నడుమ పెట్టాలంటే నేనొచ్చినంక జరుపుదాం."

"నువ్వు జెప్పినట్లే అన్నా. ఇంటికి పొయ్యి బట్టలు మార్చుకోనిరా" అన్నాడు సేటు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి హాలంతా అగరొత్తుల వాసన. పియానో గోడ పక్కన లేదు. నడిమధ్యన, పెద్ద దీపాల గుత్తి కింద ఉంది. మూత మీద పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పక్కనే కుర్చీలో సేటు తల్లి కూర్చుని ఉంది. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు, అందరూ అవ్వ అనే పిలుస్తారు.

"ఎవరు జరిపిండ్రు అవ్వా?" అని అడిగాను.

"మన దుకాణం హమాలీలు. పూజ జేసినం కొడుకా. కారు కొంటే జేస్తిమి, లారీ కొంటే జేస్తిమి. చక్రాలున్న బండి ఇంట్లకొస్తె పూజ జెయ్యకుంటె ఎట్ల? కొబ్బరికాయ గుమ్మం కాడ కొట్టిన. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిన."

"తొక్కిందా?"

"యాడ తొక్కె! మొదలు మొండికేసింది. నలుగురు కలిసి గట్టిగ నూకిండ్రు. గప్పుడు నిమ్మకాయలు నలిగి కదిలింది."

కారు చక్రం నిమ్మకాయను నలిపేసి పోతుంది. పియానో కాలికి ఉండే ఇత్తడి చక్రం నిమ్మకాయకంటే అంత పెద్దదేమీ కాదు. అది నిమ్మకాయ మీదికి ఎక్కలేక అక్కడే ఆగిపోతుంది. చక్రం ఆగినా పైనున్న బరువు ఆగదు. నలుగురు హమాలీలు సిమెంటు బస్తాలు మోసే భుజాలతో నెడితే ఆ బలమంతా కాలి మెడ మీద, అంటే కాలు పియానోకు కలిసే చోట పడుతుంది.

కొత్త చొక్కాతోనే పడుకుని చూశాను. ఎడమవైపు ముందరి కాలు పైన, పొద్దున లేని తెల్లటి గీత కనిపించింది. పచ్చి చెక్క రంగు. గోరు దూరేంత సందు. మరలు సగం బయటికి వచ్చాయి. ఆ కాలికి ఇవతలే సాహితి ఎడమ మోకాలు ఉండాలి.

వద్దు అన్న మాట

సేటును పక్కకు తీసుకెళ్ళి, ఇవాళ కచేరీ వద్దని చెప్పాను.

"నిలబడ్డది గదనే" అన్నాడు సేటు.

"నిలబడ్డది సేటూ. ఎందుకు నిలబడ్డదో నాకు తెల్వదు. అందుకే వద్దంటున్న."

"మంది వస్తున్నరు. కార్లు గేటు కాడికి వచ్చినయి. ఏదన్న ఆసరా పెడితే ఆగదా? లారీ జాకీ తెప్పిస్త, సెంట్రింగ్ చెక్కలు తెప్పిస్త. నీకేం గావాల్నో జెప్పు."

అన్నట్టే తెప్పించాడు. సేటు చెడ్డవాడు కాదని ఇక్కడే రాస్తున్నాను. జాకీతో ఆ మూలను కొంచెం లేపి, వాయించే మెట్ల కింది బల్లకు ఆసరాగా చెక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చాను. పైన వేలెడు సందు మిగిలింది. దానిలో సన్నటి చెక్క ముక్కలు దూర్చి కొట్టాను. ఇవతల మోకాళ్ళకు చోటు వదలాలి కాబట్టి జాకీని అక్కడ ఉంచడానికి వీల్లేదు. వడ్రంగిని పిలిచి సరిగ్గా చేయాలంటే ఇంకో పూట కావాలి. కింద నున్నటి గ్రానైట్, అందులో నిమ్మరసం తుడిచిన తడి. గట్టిగా వాయిస్తే పియానో అదురుతుంది. ఆ అదురుకు సన్న ముక్కలు జారితే మూల వేలెడు కిందికి పడుతుంది. ఆ కుదుపుకు చెక్కల దొంతర పక్కకు పోయిందంటే ఇక మధ్యలో ఆపేది ఏదీ లేదు.

ఇదంతా సాహితికీ, వాళ్ళమ్మ పద్మజ గారికీ చెప్పాను.

"మరి ఆసరా పెట్టారు కదండీ. ఏమీ కాదని మీరు గ్యారంటీ ఇస్తారా?" అని అడిగింది పద్మజ గారు.

"ఇయ్యలేనమ్మా. నన్నడిగితే వద్దు."

ఆమె కూతురి చేతులు పట్టుకుంది, కాళ్ళ సంగతి అప్పటికి ఇంకా ఆమెకు తట్టలేదు. "వెళ్ళిపోదాం పదవే" అంది.

సాహితి కదలలేదు. "అమ్మా, ఇంట్లో ఆ కీబోర్డు మీద ఎంత ప్రాక్టీస్ చేసినా చేతికి బరువు తెలియట్లేదు. ఇది కూడా పోతే అక్కడికెళ్ళి ఏం వాయించను?" అని నా వైపు తిరిగింది. "అంకుల్, మీరు ఇక్కడే ఉంటారా?"

పిల్లలూ, మన మాట ఎప్పుడూ నెగ్గుతుందని అనుకోకండి. వస్తువు ఒకరిది, కచేరీ ఇంకొకరిది. వద్దని చెప్పి, చెప్పాను కదా అని చేతులు దులుపుకుని పోవచ్చు. చాలామంది పోతారు. నేను వాళ్ళను తప్పుపట్టను, ఆ సాయంత్రం నాకూ పోవాలనే అనిపించింది. కానీ ఆ కాలి మెడ ఎక్కడ విరిగిందో తెలిసినవాణ్ణి ఆ హాల్లో నేనొక్కణ్ణే.

"ఉంట బిడ్డా" అన్నాను. "నీ ఎడమ పక్క నేల మీద కూసుంట. నేను చెయ్యెత్తితే మధ్యలో ఉన్నా సరే, వెనక్కి లేచిపోవాలె."

"సరే అంకుల్."

మూత మీది కుంకుమ వేలికి తీసుకుని, కాలి మీదా పియానో మీదా కలిసేలా ఒక నిలువు గీత గీశాను. కాలు వెంట్రుకంత కదిలినా ఆ గీత విరిగి కనిపిస్తుంది. అవ్వ దూరం నుంచి చూసి, కాలికి బొట్టు పెట్టానని సంతోషించింది.

ఎర్రటి గీత

ఆ అమ్మాయి ఎలా వాయించిందని తర్వాత చాలామంది అడిగారు. నాకు తెలియదు. బతుకంతా పియానోల మధ్య గడిపి, అంత గొప్పగా వాయించే పిల్లకు చేయంత దూరంలో కూర్చుని, నేను పాట వినలేదు. గీతనే చూశాను. కన్నార్పితే ఆ రెప్పపాటులోనే జరుగుతుందేమోనని కళ్ళు మండేదాకా ఆర్పలేదు. డేనియల్ సార్ బూటు నేనెప్పుడూ చూడలేదు కానీ ఆ సాయంత్రం నా ముందు గ్రానైట్ మీద అది కనిపిస్తూనే ఉంది.

మొదటిది మెల్లటి అంశం. గీత నిలిచింది. రెండోది వేగం, కానీ అంతా కుడివైపు. గీత నిలిచింది. జనం చప్పట్లు కొట్టారు. ఇక్కడితో ఆపేస్తే బాగుండునని నాకు అనిపించింది. సాహితి నా వైపు చూసింది. నేను చెయ్యెత్తలేదు. ఎత్తడానికి కారణం లేదు, భయం తప్ప.

మూడో అంశంలో ఎడమచేతికి పని ఉంది. మందపాటి తీగల మీద, సరిగ్గా ఆ కాలి పైన, దెబ్బ మీద దెబ్బ. నేల అదరడం నేను కూర్చున్న చోటికి తెలుస్తోంది. దొంతర మీది సన్న ముక్క ఒకటి మెల్లగా బయటికి రావడం చూశాను. గీత వైపు చూశాను. పై సగం ఒకచోట ఉంది, కింది సగం ఇంకొకచోట ఉంది.

చెయ్యెత్తాను. సాహితి కళ్ళు మూసుకుని ఉంది.

పిలవబోయాను. నోరు ఎండిపోయి మాట రాలేదు. భయం మనిషికి చేసే పని అదే, అవసరమైనప్పుడు గొంతును ముందు పట్టుకుంటుంది. లేచి, ఆ అమ్మాయి కూర్చున్న బెంచీని వెనకనుంచి రెండు చేతులా పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగాను. నున్నటి గ్రానైట్ ఒక్క మేలు చేసింది. బెంచీతో పాటు అమ్మాయి జారి వచ్చింది. ఆ అమ్మాయి చేతులు గాలిలో ఇంకా వాయిస్తూనే ఉన్నాయి.

ముందు వరసలో ఎవరో "ఏయ్, ఎవడు వాడు?" అని లేచారు. పద్మజ గారు పరుగెత్తుకొచ్చింది. ఏమీ జరగలేదు. నేనొక ముసలాణ్ణి, బహుమతి గెలిచిన అమ్మాయిని కచేరీ మధ్యలో ఈడ్చి పారేశాను. జనం అందరూ నన్నే చూస్తున్నారు. నాకే అనుమానం వచ్చింది.

అప్పుడు కాలు ఊడింది. మూల కిందికి దిగి చెక్కల మీద దబ్బున కూర్చుంది. ఎవరూ ముట్టుకోకుండానే లోపలి తీగలన్నీ ఒక్కసారి మూలిగాయి. దొంతర కొంచెం పక్కకు జారింది, జారి ఆగింది. ఎందుకు ఆగిందో ఇప్పటికీ తెలియదు.

సాహితి బెంచీ మీదే కూర్చుని ముందు తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత మోకాళ్ళ వైపు చూసుకుంది. పద్మజ గారు కింద కూర్చుని ఆ మోకాళ్ళు రెండూ గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది. నేనూ నేల మీదే కూర్చుండిపోయాను.

సేటు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "మిగిలిన కచేరీ వద్దే అన్నా" అన్నాడు మెల్లగా. మొదటిసారి వద్దన్నది నేను, ఎవరూ వినలేదు. రెండోసారి పియానో చెప్పింది, అందరూ విన్నారు. మన మాటకు ఉండే విలువ అంత, దానికి నొచ్చుకోకండి.

అవ్వ కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. ఊడిన కాలిని చూసింది, సాహితిని చూసింది, తల మీద చెయ్యి వేసింది. "పూజ జేసినం గాబట్టి గింతల వోయింది బిడ్డా. నిమ్మకాయలే నిన్ను కాపాడినయి" అంది. సేటు నా ముఖంలోకి చూశాడు. నేను నోరు తెరవలేదు. భయంతో చల్లబడిన ఆ పిల్ల అవ్వ చెయ్యి పట్టుకుని కాస్త కుదుటపడుతోంది, అప్పుడు నేను చక్రాల సంగతి చెప్పి ఎవరికి మేలు చేయాలి? మర్నాడు సేటుకు మాత్రం అంతా విప్పి చెప్పాను. ఇప్పుడు ఆ ఇంట్లో కొత్త పియానో కాదు, కొత్త ఫ్రిజ్ వచ్చినా చక్రాల పక్కన నిమ్మకాయ పెడతారు, కింద పెట్టరు.

ఆ తర్వాత నేను కచేరీలకు వెళ్ళలేదు. వయసు ఒక కారణం. రెండో కారణం, ఆ రోజు రాని గొంతు ఇంకోరోజు వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

సాహితి ఆ పోటీకి వెళ్ళి వచ్చింది. ఈసారి బహుమతి రాలేదు, మళ్ళీ వెళ్తానంటోంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ఎక్కడ వాయించినా బెంచీ మీద కూర్చునే ముందు ఆ అమ్మాయి మోకాళ్ళ మీద వంగి, పియానో కింద మూడు కాళ్ళ మెడలూ చూస్తుందట. ఇలా చేసే పిల్లను ఇంతవరకు చూడలేదని వినడానికి వచ్చినవాళ్ళు మురిసిపోతారట. పియానోకు దండం పెడుతోందని అనుకుంటారట.

"నువ్వేం జెప్తవు మరి?" అని అడిగాను.

"ఏం చెప్పను అంకుల్? భయం అని చెప్తే ఎవరు నమ్ముతారు?" అంది.